ముందు టైర్లు లోపలి అంచే అరుగుతోంది, ఎందుకు?

మాది 2019 మోడల్ పెట్రోల్ కారు. ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాద్ తరచూ తిరుగుతుంది. ముందు టైర్లు వేయించి 20 వేల కిలోమీటర్లు కూడా కాలేదు. బయటి వైపు గాడులు బాగానే ఉన్నాయి, లోపలి అంచు మాత్రం నున్నగా అయిపోయింది. పైగా గుంతలో పడ్డాక ఎడమ టైరు పక్కగోడ మీద బొటనవేలంత గుబ్బ లేచింది. గాలి దిగడం లేదు. పండగ దాకా నడపొచ్చా? ఇంట్లో పిల్లలతో వెళ్లాలి, అదే టెన్షన్.

జవాబు 1
గాలి తక్కువుండి ఉంటుంది. ప్రెషర్ పెంచి చూడండి.

జవాబు 2
విజయవాడ ఆటోనగర్‌లో అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే) పని చేస్తాను. గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి, ఎక్కువైతే నడుమ అరుగుతుంది. లోపలి అంచొక్కటే పోయిందంటే ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం), ఆ తర్వాత క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం పక్కకి వాలి ఉండటం) చూడాలి. టైరు మీద అరచేయి అడ్డంగా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి జరపండి. ఒక దిక్కున నున్నగా ఉండి, రెండో దిక్కున రంపం పళ్లలా గీరుకుంటే టో తప్పినట్టే.

అలాగని నేరుగా అలైన్‌మెంట్ మిషన్ ఎక్కించకండి. ముందు చక్రం పైకి లేపించి చక్రాన్ని పట్టి ఉంచే టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్, లోయర్ ఆర్మ్ బుష్‌లు ఊగుతున్నాయేమో చూపించండి. అవి వదులుగా ఉంటే ఎంత బాగా సెట్ చేసినా నిలవదు. చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. పాత రీడింగూ కొత్త రీడింగూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి.

గుబ్బ సంగతి వేరు. లోపలి దారాలు తెగాయి, ఇప్పుడక్కడ గాలిని ఆపుతున్నది రబ్బరే. దానికి ప్యాచ్ లేదు. హైవే మీద ఎండలో, నిండు బరువుతో ఎప్పుడైనా పేలిపోవచ్చు. దయచేసి పండగ దాకా ఆగకండి, ఈరోజే స్టెప్నీ వేయించండి.

ప్రశ్న అడిగినవారు
చేతికి గీరుకుంటోందండీ, మీరు చెప్పినట్టే. ఒక్క టైరే మారిస్తే సరిపోతుందా? ఎండలకు గాలి తగ్గించి పట్టమంటున్నారు, నిజమేనా?

జవాబు 2
రెండోదానికీ లోపలి అంచు పోయింది కదా, ముందు టైర్లు రెండూ మార్చండి. ఒకే సైజు, ఒకే ప్యాటర్న్ ఉండాలి. గాడుల మధ్య చిన్న దిమ్మెలుంటాయి, 1.6 మిల్లీమీటర్ల గుర్తు అది. ఒక్క అంచున వాటిదాకా అరిగినా టైరు పనైపోయినట్టే. కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగంకెలు చదవండి. 3224 అంటే 2024లో 32వ వారం తయారైందని.

ఎండాకాలం గాలి తగ్గించకూడదు. తక్కువ గాలితో పక్కగోడ ఎక్కువ వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంతుందో అంతే, పొద్దున్నే బండి కదలకముందు కొట్టించండి. నిండు బరువుకి వేరే అంకె రాసి ఉంటే అది పట్టండి. స్టెప్నీ సైజు చిన్నదైతే దాని మీద రాసిన వేగం దాటొద్దు, చాలా బండ్లకి అది గంటకు 80 కిలోమీటర్లు.