షెల్టర్ పిల్లులకి ఇంట్లోనే బొమ్మలు చేయాలనుంది, ఏవి ఇవ్వొచ్చు?

బ్రాడీపేట అమ్మాయి:
నమస్తే అండీ. సెలవు రోజుల్లో గుంటూరులోనే ఒక షెల్టర్‌కి వెళ్తుంటాను. కుక్కలకి కాస్త తిరిగే చోటుంది కానీ పిల్లులు రోజంతా బోనుల్లోనే, కొన్నయితే గోడ వైపు తిరిగి అలాగే కూర్చుంటాయి, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఇంట్లో ఊలు, పాత బట్టలు, అట్టపెట్టెలు, మిర్చి యార్డు గోనెసంచులు ఉన్నాయి. ఊలు ఉండలు చేసి ఇవ్వొచ్చా?

పటమట పిల్లులమ్మ:
ఊలు మాత్రం వద్దమ్మా. పిల్లి నాలుక మీద సన్నటి ముళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి, దారం నోట్లో చిక్కిందంటే ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద ఇరుక్కుని మిగతాది లోపలికి పోతే పేగులు చీర కుచ్చిళ్లలా ముడుచుకుని కోసుకుపోతాయి, చాలాసార్లు ఆపరేషనే గతి. రబ్బరు బ్యాండ్లు, రిబ్బన్లు, జరీ కూడా అంతే. కర్రకి గుడ్డపీలిక కట్టి నువ్వే ఆడించు, ఎగిరెగిరి పట్టుకుంటాయి, కానీ వచ్చేటప్పుడు వెంట తెచ్చేయ్. మిర్చి గోనె అసలే వద్దు, ఆ ఘాటు పాదాలకి అంటి, అదే పాదంతో మొహం తుడుచుకుంటే కళ్లు మండిపోతాయి.

వన్‌టౌన్ టైలర్:
అరచేతిలో పట్టేంత కాటన్ సంచి కుట్టి లోపల గుడ్డముక్కలే కుక్కండి, కుట్టు రెండు వరసలు వేయండి. గుండీలతో కళ్లు పెట్టొద్దు, పీకి మింగుతాయి. తాన్ల లోపల వచ్చే అట్ట గొట్టాలు మా బజార్లో ఊరికే పారేస్తారు. జానెడు ముక్క కోసి, పక్కన గింజ జారేంత కన్నాలు పెట్టి, డ్రై ఫుడ్ వేసి, చివర్లకి కాగితం కుక్కితే దొర్లించుకుంటూ రాల్చుకుని తింటాయి. గుడ్డలు, గొట్టాలు నేను తీసిపెడతాను.

తెనాలి పెద్దాయన:
మా పెరట్లో కుప్పింట మొక్క పీకితే చాలు, వేరు వాసనకి పిల్లులు వచ్చి దొర్లుతాయి. ఆ వేరు సంచిలో పెట్టొచ్చేమో?

గన్నవరం వెటర్నరీ స్టూడెంట్:
వాసనకి వస్తాయి, నిజమే తాతగారూ, కానీ ఆ మొక్కలో విషపదార్థాలు ఉన్నాయి, సంచి చింపి నమిలితే ప్రమాదం. వద్దండి.
అక్కా, ఇంకో మాట. ఒక పిల్లి ఆడినది ఇంకోదానికి ఇవ్వొద్దు. పాన్‌ల్యూకోపీనియా (పిల్లుల ప్రాణం తీసే అంటురోగం) వైరస్ వస్తువుల మీద ఏడాది దాకా కూడా బతుకుతుంది, మామూలు సబ్బుకి పోదు. అందుకే నాకైతే అట్టవే నయం అనిపిస్తుంది, ఆ పిల్లి వెళ్లాక పారేయొచ్చు. గోడ వైపు తిరిగి కూర్చునేవాటికి ముందు బొమ్మ కాదు, దాక్కోడానికి పెట్టె ఇవ్వండి. 2014లో వచ్చిన నెదర్లాండ్స్ పరిశోధనలో, షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో పెట్టె ఉన్నవి త్వరగా తేరుకున్నాయి. పిన్నులు, టేపు పీకేసి, ఒక పక్క తల దూరేంత కన్నం కోస్తే చాలు, భయం తగ్గాక ఆటకి అవే వస్తాయి.

బ్రాడీపేట అమ్మాయి:
చాలా థ్యాంక్స్ అండీ, ఊలు పక్కన పెట్టేశాను. ముందు పెట్టెలే కోస్తాను. టైలర్ అన్నా, గొట్టాల కోసం ఆదివారం విజయవాడ వస్తే షాపు తీసి ఉంటుందా?

వన్‌టౌన్ టైలర్:
మధ్యాహ్నం దాకా ఉంటానమ్మా. పెద్ద సంచి తెచ్చుకో.