యాంగ్వన్ స్టేషన్: ఊరివాళ్ల ఘనతా, సర్కారు నిర్లక్ష్యమా?

రైలుబాట:
దక్షిణ కొరియాలోని యోంగ్‌దోంగ్ లైనులో, బున్‌చన్, సుంగ్‌బు స్టేషన్ల నడుమ కొండల్లో యాంగ్వన్ ఉంది. పక్కనే నాక్‌దోంగ్ నది. ఒక ఒడ్డున బోంగ్‌హ్వా జిల్లా ఊరు, రెండో ఒడ్డున ఉల్జిన్ జిల్లా ఊరు. 1955లో అక్కడి దాకా లైను పూర్తయినా, రైళ్లు ఆ ఊళ్ల ముందు నుంచే ఆగకుండా పోయేవి. అర్జీల మీద అర్జీలు పెట్టి అనుమతి సాధించాక, 1988లో ఊరివాళ్లే తమ సొమ్ముతో, తమ చేతులతో ప్లాట్‌ఫారం, వెయిటింగ్ రూము కట్టుకున్నారు. కొరియాలో ఇలా వెలసిన మొదటి స్టేషన్ ఇదే. ఇంతకు మించిన ఘనత ఏ ఊరికి ఉంటుంది?

లూప్‌లైన్:
లెక్క సరిగా చెప్పండి. పట్టాలు, వంతెనలు, సొరంగాలు, రైలు అన్నీ సర్కారువే. ఊరివాళ్లు కట్టింది ఒక గది, ఒక గట్టు.

రైలుబాట:
ఎక్కడానికి గట్టే లేకపోతే ఆ సొరంగాలు ఊరికి ఏం ఒరగబెట్టాయి?

పల్లె_ప్యాసింజర్:
ఫోటోల్లో ఆ గది మా ఊరి బస్సు షెల్టరంత కూడా లేదు.

లూప్‌లైన్:
ఖర్చు ఎవరిదన్నదే నా ప్రశ్న. మా ఊళ్లో ప్యాసింజర్ ఆపడం మానేసినప్పుడు, చందాలు వేసుకుని గది కట్టిస్తామని మేమూ మొరపెట్టుకున్నాం. ఆదాయం లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా అమ్మ డయాలసిస్‌కు ఆటోలో రోడ్డు దాకా వెళ్లి బస్సు పట్టుకునేది. చందాలతో రైలు ఆగుతుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

రైలుబాట:
మీకు జరిగింది అన్యాయమే. దానికి వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడమెందుకు?

నదీతీరం:
మీరిద్దరూ గదికి కొలతలు తీస్తున్నారు తప్ప, పోయిన ప్రాణాల మాట ఒక్కరూ ఎత్తలేదు. స్టేషన్ లేని రోజుల్లో సంతకు వెళ్లి వచ్చేవారు ఊరు రాగానే మూటలను కిటికీలోంచి విసిరేసి, ముందున్న స్టేషన్‌లో దిగి, పట్టాల వెంట వంతెనలు, సొరంగాలు దాటుకుంటూ వెనక్కి నడిచి వచ్చి వాటిని ఏరుకునేవారు. ఆ దారిలో కొందరు రైలు కింద పడి చనిపోయారు. ముప్పై ఏళ్లకు పైగా సాగిన ఈ ఘోరాన్ని ఘనత పేరుతో కప్పిపెడితే, తప్పెవరిదని అడిగేదెవరు?

లూప్‌లైన్:
నా కోపమూ దాని మీదే. రేపు ఇంకో ఊరు అడిగితే, యాంగ్వన్ వాళ్లలా మీరే కట్టుకోండి అంటారు.

రైలుబాట:
సర్కారు కడుతుందని కూర్చుంటే ఇంకెందరు పోయేవారో! 2013 నుంచి బున్‌చన్, చోలమ్ మధ్య నడుస్తున్న పర్యాటక రైలు అక్కడ కాసేపు ఆగుతుంది. ఊరివాళ్లు ప్లాట్‌ఫారం పక్కనే బియ్యపు కల్లు మక్‌గల్లి అమ్ముకుంటారు. ఆ గట్టు కట్టబట్టే కదా?

నదీతీరం:
పర్యాటకుల కోసం రైలు ఆపడానికి అడ్డురాని లెక్కలు, మూటలు మోసేవారి కోసం ఆపడానికి అన్నేళ్లు ఎందుకు అడ్డొచ్చాయో ముందు చెప్పండి.