తమ్ముడి మీద టెక్సాస్‌లో షాప్‌లిఫ్టింగ్ కేసు, గిల్టీ అని సంతకం పెట్టేయొచ్చా?

గాజువాక అన్న:
నమస్తే అండి, మాది వైజాగ్. తమ్ముడు డల్లాస్ దగ్గర ఎమ్మెస్, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వెళ్ళి ఇంకా ఏడాది కాలేదు. పోయిన నెల ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర బియ్యం బస్తా, పాలు స్కాన్ చేసి ఇయర్‌బడ్స్, జాకెట్ మాత్రం స్కాన్ చేయకుండా సంచిలో వేసేశాడంట, మొత్తం 128 డాలర్లు. డోర్ దాటగానే పట్టుకుని పోలీసుల్ని పిలిచారు, వేలిముద్రలు తీసుకుని ఒక రాత్రి లోపలుంచి బాండ్ మీద వదిలారు. మాకు పది రోజులయ్యాక చెప్పాడు, అమ్మకైతే ఇంకా తెలీదు. ఇప్పుడు లాయరేమో గిల్టీ అని ఒప్పుకుంటే డిఫర్డ్ ఇస్తారు, అంటే తీర్పు వాయిదా వేస్తారు, ఆరు నెలలు బుద్ధిగా ఉంటే కేసు డిస్మిస్ అంటున్నాడంట. ఇంకో గొడవ ఏటంటే వచ్చే నెల సింహాచలంలో అక్క పెళ్లి, వాడికి టికెట్ కూడా కొనేశాం. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ ఆయనైతే డిస్మిస్ అయ్యాక వీసా ఫారంలో ఏం రాయక్కర్లేదన్నాడు. నిజమేనా?

స్టీల్‌ప్లాంట్ బాబాయ్:
లక్షలు అప్పు చేసి పంపిస్తే ఇయర్‌బడ్స్ దగ్గర కక్కుర్తి ఏటి బాబూ. సర్లే, తిట్టడానికి తర్వాత టైముంది, ముందు మంచి లాయర్ని చూడండి.

పాత డల్లాసోడు:
బ్రదర్, ముందు ఆ సంతకం ఆపు, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. టెక్సాస్ డిఫర్డ్‌కి గిల్టీ అనో నో కంటెస్ట్ (ఒప్పుకోను గానీ వాదించను) అనో చెప్పాలి, తర్వాత స్టేట్ కోర్టు డిస్మిస్ అన్నా సరే ఇమిగ్రేషన్ లెక్కలో అది కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే, ఎందుకంటే వాళ్ళు చూసేది నేరం ఒప్పుకున్నాడా, కోర్టు ఏదైనా శిక్షో షరతో పెట్టిందా అని. చాలామంది మునిగేది ఇక్కడే. ఒప్పుకోకుండా ప్రీట్రయల్ డైవర్షన్ (విచారణకి ముందే షరతులు పూర్తిచేస్తే కేసు కొట్టేయడం) దొరుకుతుందేమో అడగమను, కానీ కొన్నిచోట్ల దానిక్కూడా నేరం ఒప్పుకున్నట్టు కాగితం రాయించుకుంటారు, ఆ కాగితం ఇమిగ్రేషన్ లాయరు చూడకుండా ముట్టుకోవద్దను.

కాస్త ఊరట ఏంటంటే 128 డాలర్లంటే అక్కడ క్లాస్ బీ అనే చిన్న నేరం, 100 నుంచి 750 డాలర్ల లోపు, గరిష్ఠం 180 రోజుల జైలు. దొంగతనాన్ని మామూలుగా మోరల్ టర్పిట్యూడ్ (నీతి తప్పిన నేరం) కిందే చూస్తారు, కానీ దేశంలోకొచ్చిన 5 ఏళ్లలో చేసిన ఒక్క నేరానికి డిపోర్ట్ చేయాలంటే దానికి ఏడాది అంతకంటే ఎక్కువ శిక్ష పడే వీలుండాలి. పడిన శిక్ష కాదు, పడగలిగే శిక్ష. అదే 750 దాటుంటే క్లాస్ ఏ, ఏడాది వరకు, కథే వేరు. మళ్ళీ లోపలికి రానివ్వడానికి పెటీ అఫెన్స్ (చిన్న నేరం) మినహాయింపు ఉంది గానీ అది ఒక్కసారికే, ఇంకోటి పడితే అది కూడా పోయినట్టే.

క్రిమినల్ లాయరు ఇమిగ్రేషన్ సంగతి కూడా చెప్పి తీరాలని అక్కడి సుప్రీంకోర్టే 2010లో పడిల్లా కేసులో చెప్పింది, కాబట్టి మొహమాటం లేకుండా అడగమను.

ఎంవీపీ పిల్ల:
2025లో కొత్త చట్టం వచ్చింది కదా, షాప్‌లిఫ్టింగ్ అంటే డైరెక్ట్ డిటెన్షన్ అంట?

పాత డల్లాసోడు:
లేకెన్ రైలీ చట్టం, జనవరిలో వచ్చింది. అది ముఖ్యంగా పర్మిషన్ లేకుండా బోర్డర్ దాటినోళ్ళు, దొంగ కాగితాలతో వచ్చినోళ్ళ మీద. వీడు సరైన వీసా మీద వెళ్ళాడు, స్టూడెంట్ స్టేటస్ పోకుండా క్లాసులు మాత్రం ఒక్కటి కూడా డ్రాప్ చేయొద్దను.

సీతమ్మధార:
నేను చదువుకునేటప్పుడు ఇలాంటిదే, మేకప్ సామాను, చెప్పుకోడానికి సిగ్గే. నా మీద కేసు కొట్టేశారు, అయినా హైదరాబాద్‌లో వీసా స్టాంపింగ్‌కి వెళ్తే 221జీ స్లిప్పు (వీసా ఇప్పుడే ఇవ్వం, ఇంకా పరిశీలించాలని) చేతిలో పెట్టి నాలుగు నెలలు కూర్చోబెట్టారు, ఒక సెమిస్టర్ పోయింది. డీఎస్160 వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, శిక్ష పడిందా అని మాత్రమే కాదు. నేను అవునని రాసి కోర్టు సర్టిఫైడ్ కాపీ పట్టుకెళ్ళా కాబట్టి బయటపడ్డా. వేలిముద్రలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి, లేదని రాస్తే ఆ అబద్ధానికే జీవితకాలం బ్యాన్ పడొచ్చు, ఆ కన్సల్టెన్సీ ఆయనకి దండం పెట్టేయండి. ఇంకోటి, అరెస్టయితే చాలు కేసు తేలకుండానే వీసా రద్దని మెయిల్ రావచ్చు. స్టాంప్ పోయినంత మాత్రాన అక్కడ చదువు ఆగిపోవాలని లేదు, కానీ దేశం దాటితే మళ్ళీ కొత్త వీసా కావాలి. పెళ్లికి రప్పించకండి.

గాజువాక అన్న:
మెయిల్ చూడమంటే ఇప్పుడే చూశాడు, స్పామ్‌లో కూడా ఏమీ రాలేదంట. సంతకం ఆపించా, ఇమిగ్రేషన్ లాయర్ అపాయింట్‌మెంట్ గురువారం. టికెట్ క్యాన్సిల్ చేసేస్తా. అమ్మ మాత్రం వాడికి పంచె, కండువా కొని బీరువాలో పెట్టింది, ఏం చెప్పాలో తెలీట్లేదు.

స్టీల్‌ప్లాంట్ బాబాయ్:
నిజమే చెప్పు బాబూ, పెళ్లి రోజు అందరూ వాడేడీ అంటే ఆవిడే జవాబు చెప్పుకోవాలి.