‘మరో చరిత్ర’ ముగింపు: ఆ రెండు చావులకు బాధ్యులెవరు?

చర్చ మొదలుపెట్టినవారు:
1978లో బాలచందర్ తీసిన ‘మరో చరిత్ర’ను ఈ మధ్య మళ్ళీ చూశాను. కమల్ హాసన్, సరితల నటనతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ముగింపుతోనే. తమిళ అబ్బాయి బాలు, తెలుగు అమ్మాయి స్వప్న ఏడాది పాటు కలుసుకోకుండా, ఉత్తరం ముక్కైనా రాసుకోకుండా ఉంటే పెళ్ళి చేస్తామని పెద్దలు షరతు పెట్టారు. ఆ గడువు ఎలాగో దాటి ఇద్దరూ ఒకరినొకరు చేరుకోబోతుండగా, కథతో సంబంధం లేని రౌడీలు బాలును కొట్టడం, మరొక దుర్మార్గుడు స్వప్నను చెరచడం, చివరకు ఇద్దరూ సముద్రంలో కలిసిపోవడం నాకు అన్యాయంగా తోచింది. కథంతా పెద్దల పంతం మీద నడిపించి, నేరాన్ని మాత్రం పరాయివాళ్ళ నెత్తిన రుద్దారు.

మొదటి సమాధానం:
రౌడీలకు కథతో సంబంధం లేదనడం సరికాదండీ. వాళ్ళను పంపింది సంధ్య సోదరుడు. ఆ సంధ్య బాలుకు పరిచయమైంది ఎడబాటు కాలంలోనే. స్వప్నకు వేరొకరితో పెళ్ళి కుదిరిందన్న అబద్ధాన్ని నమ్మి, ఆ ఉక్రోషంలో అతడు సంధ్యను చేసుకుంటానన్నాడు. ఉత్తరాలు నడిచి ఉంటే ఆ అబద్ధం ఒక్క పూటైనా నిలిచేదా? నిజం తెలిసి సంధ్య తప్పుకుంది గానీ, ఆమె సోదరుడి కోపం తప్పుకోలేదు. కాబట్టి కర్ర పట్టినవాడు ఎవడైనా, దాన్ని చేతికిచ్చింది ఆ షరతే.

చర్చ మొదలుపెట్టినవారు:
బాలు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ఆ లంకె నేను గమనించలేదు. స్వప్న విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ప్రియుడి ఫోటోను తల్లి కాల్చేస్తే ఆ బూడిదను కలుపుకుని తాగేసిన మొండి పిల్ల ఆమె. అలాంటి పిల్లను ఓడించడానికి దర్శకుడికి మానభంగం తప్ప మరో దారి దొరకలేదా? చెరచబడిన స్త్రీ బతకకూడదన్నది ఆనాటి మన సినిమాల్లో చాలావాటికి రాయని శాసనం (ఇప్పటికీ పూర్తిగా పోయిందని నేననుకోను). షరతు నుంచి బాలు చావు వరకు దారి కనిపిస్తోంది గానీ, స్వప్న చావుకు ఆ శాసనమే దారి వేసింది.

రెండో సమాధానం:
1981లో హిందీలో తీసినప్పుడూ బాలచందర్ ఇదే ముగింపు ఉంచారు కనుక, అది తొందరలో అతికించినది కాదనే అనుకోవాలి. అయినా మీ రెండో అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. రౌడీల చేతికి చిక్కకుండా బాలు వేళకు వచ్చి ఉంటే, జరిగినదంతా విన్నాక కూడా స్వప్న చేయి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాడని నా నమ్మకం. ఆ సన్నివేశం రాయడానికే ఎవరూ సాహసించలేదు.