చదరపు చిల్లున్న చైనా పైసలు: అసలువా, ఈ మధ్య చేసినవా?

నల్లగొండ చిల్లర:
మూడు చైనా నాణేలు ఉన్నయి. నడుమ చదరపు బొక్క, ముందు నాలుగు అక్షరాలు. వెనుక బొక్కకు అటొకటి, ఇటొకటి నిలువు గొలుసు లాంటి రాత. బంగారం తూచే కాంటా మీద చూస్తే ఇట్ల వచ్చింది: మొదటిది 25 మి.మీ., 4.12 గ్రాములు. రెండోది 23 మి.మీ., 3.36 గ్రాములు, అంచు ఒకవైపు సన్నగ ఉంది. మూడోది 27 మి.మీ., 5.90 గ్రాములు, పసుపు రంగే కాని అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఒకే రకం నాణేలకు బరువు ఇంత తేడా ఉంటదా? ఏ కాలంవి? నల్లగ ఉన్నయి, చింతపండు పెట్టి తోమొచ్చా?

పానగల్లు పైస:
అన్నా, చింతపండు అస్సలు వద్దు. ఆ పులుపు ఇత్తడిలో జింకును ముందు తింటది, రాగి మిగుల్తది. గులాబి రంగు మచ్చలు పడ్తయి, మళ్ళ పోవు. నలుపు పోయిందంటే నాణెం పాతదని చెప్పే సాక్ష్యం కూడా పోయినట్టే. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దున్రి, రుద్దొద్దు.

బరువు తేడా చూసి నకిలీ అనుకోవద్దు. మన గద్వాల సంస్థానం నాణేలైనా, నిజాం హాలి సిక్కా అయినా బిళ్ళ మీద ముద్ర కొట్టి చేసినవి. చైనా కాసు పోత పోసింది. మెత్తటి ఇసుక, బొగ్గుపొడి దట్టించిన చెక్క చట్రంలో తల్లి నాణేలను, అంటే నమూనా నాణేలను, వరసగ ఒత్తుతరు. మీద ఇంకో చట్రం బోర్లించి, రెండో వైపు అచ్చు తీసుకుంటరు. తల్లి నాణేలు తీసేసి, నడుమ కాలువ చేసి, కరిగిన ఇత్తడి పోస్తరు. విప్పితే కొమ్మకు కాయలు కాసినట్టు నాణేలు వస్తయి. వాటిని విరిచి, చదరపు కడ్డీకి గుచ్చి, అంచులన్నీ ఒక్కసారే ఆకురాయితో రాస్తరు. బొక్క గుండ్రంగ ఉంటే కడ్డీ మీద నాణెం తిరిగిపోతది, ఆకురాయి ఆడదు. చదరం పనికొచ్చేది ఇక్కడనే. మీ రెండోదానికి అంచు ఒకవైపు సన్నగ ఉందంటే రాసేటప్పుడు ఆ పక్క ఎక్కువ పోయి ఉండొచ్చు, లేదంటే పై చట్రం కొంచెం జరిగి ఉండొచ్చు.

1637లో అక్కడ రాసిపెట్టిన లెక్కలో పది పాళ్ళకు ఆరేడు పాళ్ళు రాగి, మిగిలింది జింకు. మంట తగిలితే జింకులో నాలుగో వంతు పోతదని కూడా ఉంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలె, జింకు 907కే మరిగి ఆవిరైతది మరి.

కొల్లాపురం కాసు:
వెనుక ఉన్నది మంచూ లిపి. అంటే చింగ్ వంశం, 1644 నుంచి 1911 లోపు. ముందు వైపు పైన, కింద, కుడి, ఎడమ వరసలో చదవాలి. పైదీ, కిందిదీ కలిపి పాలనాకాలం పేరు, కుడివైపు ‘తోంగ్’, ఎడమవైపు ‘బావ్’. కలిపితే చెలామణి సంపద అని అర్థం. వెనుక ఎడమ పక్కది ‘బో’, కుడి పక్కది టంకశాల పేరు. ‘చువాన్’ అని ఉంటే బీజింగ్‌లో రెవెన్యూ శాఖ టంకశాలది. పై, కింది అక్షరాల ఫోటో దగ్గరగా తీసి పెట్టండి, కాంగ్‌షీదో, చియెన్‌లోంగ్‌దో, దావ్‌గ్వాంగ్‌దో తేలిపోతుంది.

బరువుకు ఒక కొలమానం ఉంది. 1734 నుంచి ఒక్కో నాణేనికి 1.2 చియెన్, అంటే సుమారు 4.5 గ్రాములు. మీ మొదటిది దాని దగ్గరలోనే ఉంది. రెండోది తర్వాతి కాలానిది గానీ, దొంగచాటుగా పోసింది గానీ కావొచ్చు. వెయ్యి కాసుల దండకు ఒక ల్యాంగ్ (చైనా తూకం) వెండి అన్నది కాగితం మీది లెక్క. 1840ల నాటికి అది రెండు వేల దగ్గరికి పోయింది. మన దేశం నుంచి పోయిన నల్లమందుకు వాళ్ళ వెండి బయటికి పోవడం అందులో పెద్ద కారణం. 1850లలో తైపింగ్ తిరుగుబాటుతో యున్నాన్ ప్రాంతం నుంచి వచ్చే రాగి దారి తెగింది. అప్పుడు పది, యాభై, వంద, చివరికి వెయ్యి కాసుల విలువ రాసిన నాణేలు పోశారు, వాటిలో అంత లోహం లేదు. జనం నమ్మలేదు.

అంతకుముందు చరిత్ర ఇంకా గట్టిది. క్రీ.పూ. 118లో మొదలైన ‘వూ ఝూ’ నాణెం ఏడు వందల ఏళ్ళకు పైగా నడిచింది. దాని పేరే బరువు: ఐదు ఝూలు. క్రీ.శ. 621లో తాంగ్ రాజులు ‘కైయువాన్’ నాణెంతో బరువు రాయడం మానేశారు, పది నాణేలు ఒక ల్యాంగ్ తూగేలా పోశారు.

నల్లగొండ చిల్లర:
ఫోటో రేపు పగటి వెలుతుర్ల తీసి పెడ్త. మరి మూడోది? ఇనుప నాణేలు కూడ ఉండేవని విన్న.

పాలమూరు ఇత్తడి:
ఉండేవి. సోంగ్ వంశం కాలంలో సిచువాన్ ప్రాంతంలో ఇనుప నాణేలే నడిచాయి. మోయలేక వర్తకులు ‘జియావ్‌జీ’ అనే చీటీలు మొదలుపెడితే, 1023లో ప్రభుత్వం ఆ పని తన చేతిలోకి తీసుకుంది. చింగ్ వాళ్ళు కూడా 1850లలో ఇనుముతో పోశారు. కానీ అసలు ఇనుప నాణెం పసుపు రంగులో ఉండదు. మీది ఇనుప రేకుకు ఇత్తడి పూత, ఎర్ర దారం కట్టి వాస్తు దుకాణాల్లో అమ్మే రకం. బొక్క లోపలి గోడను భూతద్దంతో చూడండి: పోత నాణెంలో ఎగుడుదిగుడుగా ఉంటుంది, మిషన్ మీద కోసింది నున్నగా, పదునుగా ఉంటుంది.

దీనికంటే మోసం చేసేది ఇంకొకటుంది. అసలు నాణేన్నే ఇసుకలో ఒత్తి మళ్ళీ పోసిన నకలు. లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి 25 మి.మీ. నాణెం నకలు సుమారు అర మి.మీ. చిన్నదిగా, అక్షరాలు మొద్దుబారి వస్తుంది. మీ రెండోదాన్ని ఈ కోణంలో కూడా చూడాలి. అక్షరాల మూలలు పదునుగా ఉన్నాయా అన్నది ఫోటోలో కనిపించేలా పక్క నుంచి వెలుతురు పడనివ్వండి.

పానగల్లు పైస:
ఇంకొక్క మాట. పీవీసీ కవర్లల్ల పెట్టొద్దు, కొన్నేండ్లకు జిగురు పచ్చదనం పడ్తది. కాగితం కవర్లో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ సంచి వేయున్రి. లేతాకుపచ్చ పొడి రాలుతుంటే ఆ నాణెం మిగతావాటికి దూరం పెట్టున్రి. అది పాచి కాదు, లోపల క్లోరైడు ఉండి లోహాన్ని తింటున్నదని గుర్తు.

ఇవి పొలంల తవ్వితే దొరికినవైతే లెక్క వేరే. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏదైనా 1878 చట్టం కింద కలెక్టరుకు చెప్పాల్సిందే. అక్కెనపల్లి రోమన్ నాణేల కుప్ప మన జిల్లాలో బయటపడ్డదే. ఏ చోట, ఏ కుండల, ఎన్ని కలిసి ఉన్నయనే సంగతి పోతే ఒక్క నాణెం ఏం చెప్పలేదు.