1969 కమారో: ఇది నిజంగా జెడ్/28 యేనా? పాత అమెరికన్ బండ్ల చరిత్ర మీరెలా తవ్వారు?

ట్రాయ్ కుర్రాడు
అందరికీ నమస్కారం. నేను మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉంటాను, కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీర్‌ని. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ (పాత కార్ల ఊరేగింపు) చూసీ చూసీ పాత బండి ఒకటి కొనాలన్న కోరిక బాగా ముదిరింది. ఒహాయోలో ఒక 1969 షెవర్లే కమారో నచ్చింది. నారింజ రంగు, తెల్ల చారలు. అమ్మేవాళ్లు ఇది జెడ్/28 (కమారోలో రేసుల కోసం తెచ్చిన స్పెషల్ రకం) అనీ, ఇంజన్ ఒరిజినలే అనీ, ఇలాంటివి చాలా అరుదనీ అంటున్నారు. ధర కూడా అందుకు తగ్గట్టే చెప్పారు. ఒహాయో టైటిల్ (యాజమాన్య పత్రం) తప్ప పాత కాగితం ఒక్కటీ లేదు. విన్ నంబరు (బండికి ఫ్యాక్టరీ ఇచ్చిన గుర్తింపు నంబరు) 124379ఎన్‌తో మొదలవుతుంది. ఇంతవరకు చూసి జెడ్/28 అని నమ్మొచ్చా? బయానా ఇచ్చేలోపు ఏమేం చూసుకోవాలి?

డాలస్ గ్యారేజి
తమ్ముడూ, బయానా ఆపు. ఆ నంబరు చెప్పేది ఇంతే: 1 అంటే షెవర్లే, 24 అంటే వీ8 ఇంజన్ ఉన్న కమారో (సిక్స్ సిలిండర్ అయితే 23 ఉండేది), 37 అంటే రెండు తలుపుల కూపే, 9 అంటే 1969, ఎన్ అంటే ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ. ఎల్ ఉంటే లాస్ ఏంజెలెస్ దగ్గరి వ్యాన్ నైస్. ఆ ఏడాది కమారోలో జెడ్/28 అన్నది ఆర్డరు ఫారంలో ఒక ఆప్షన్ మాత్రమే, వేరే మోడల్ కాదు. చిన్న వీ8 వేసిన మామూలు కూపేకీ, జెడ్/28కీ విన్ నంబరులో ఒక్క అంకె కూడా తేడా ఉండదు. నకిలీ జెడ్/28లు ఇన్ని తిరగడానికి అసలు కారణం ఇదే. చారలు అతికించి, బ్యాడ్జీలు బిగిస్తే బయటికి తేడా కనిపించదు.

ముస్తాంగ్ మామ
ఫోర్డ్ వాళ్లం ఈ విషయంలో అదృష్టవంతులం. ముస్తాంగ్ విన్‌లో ఐదో అక్షరమే ఇంజన్ కోడ్. 1965 బండిలో కే ఉంటే అది 271 హార్స్‌పవర్ 289 క్యూబిక్ ఇంచుల ఇంజన్‌తో ఫ్యాక్టరీలో పుట్టిన బండి. సీ ఉంటే మామూలు రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న 289. అమ్మేవాళ్లు ఏం చెప్పినా ఆ అక్షరం మారదు.

1967 నుంచి ఇంకా మేలు. ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు మార్టీ అనే సంస్థ దగ్గర లైసెన్సు మీద ఉన్నాయి. విన్ నంబరు ఇస్తే మార్టీ రిపోర్ట్ వస్తుంది: ఏ రోజు తయారు కావాలని అనుకున్నారు, నిజంగా ఏ రోజు తయారైంది, ఏ జిల్లా సేల్స్ ఆఫీసు పరిధికి వెళ్లింది, రంగు, సీట్ల బట్ట, యాక్సిల్, ఆప్షన్లు. నా 1968 ఫాస్ట్‌బ్యాక్ ఎర్రగా ఉండేది. రిపోర్ట్‌లో చూస్తే పుట్టినప్పటి రంగు నీలం. తలుపు కింద రబ్బరు పట్టీ లేపితే నీలం పెయింట్ కనిపించింది. కాగితమూ రేకూ ఒకే మాట చెప్పినప్పుడు కలిగే నమ్మకం వేరు.

1964-66 ముస్తాంగ్‌లకు మాత్రం ఆ డేటాబేస్ లేదు. విన్, తలుపు మీది డేటా ప్లేటు, దొరికితే బిల్డ్ షీట్ (బండికి ఏమేం బిగించాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం), ఇవే ఆధారం.

ట్రాయ్ కుర్రాడు
మరి షెవర్లేకి ఇలాంటి రిపోర్ట్ లేదా మామా?

ముస్తాంగ్ మామ
అంత వివరంగా లేదు. ఆ బాధేంటో డాలస్ తమ్ముడికి బాగా తెలుసు.

డాలస్ గ్యారేజి
తెలుసు మామా. ఏ బండికి ఏ ఆప్షన్లు వేశారో చెప్పే షెవర్లే రికార్డులు అమెరికాలో మిగల్లేదు. కెనడాలో కొత్తగా అమ్ముడైన జీఎం (షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్) బండ్లకు మాత్రం కాగితాలు మిగిలాయి. అందుకే కెనడా నుంచి వచ్చిన జెడ్/28కి విలువ ఎక్కువ, అది న్యాయమే అంటాను. కొర్వెట్ పునరుద్ధరణ సంఘం ఎన్‌సీఆర్‌ఎస్ కమారోలకు కూడా షిప్పింగ్ రిపోర్ట్ ఇస్తుంది. బండి ఎప్పుడు, ఏ డీలరుకు వెళ్లిందో అందులో ఉంటుంది, ఆప్షన్లు ఉండవు. చరిత్ర కోసం తప్పకుండా తీసుకో, జెడ్/28 అని రుజువు చేయడానికి మాత్రం సరిపోదు.

పాంటియాక్‌ది మళ్లీ వేరే కథ. అదీ జీఎం కంపెనీయే, కానీ 1961 నుంచి బిల్లింగ్ కాగితాలు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర భద్రంగా ఉన్నాయి. 1964, 65ల్లో పాంటియాక్ జీటీఓ కూడా లెమాన్స్ అనే మోడల్ మీద ఆప్షనే, విన్‌లో కనబడదు. ఆ కాగితాలే లేకపోతే అసలేది, నకలేది అని ఈ రోజుకీ కొట్టుకుంటూ ఉండేవాళ్లు. ఒకే కంపెనీలో ఒక విభాగం దాచుకుంది, ఇంకో విభాగం పోగొట్టుకుంది. తలుచుకుంటే నిజంగా కడుపు మండుతుంది.

ఒహాయో అక్క
ట్రాయ్ తమ్ముడూ, నీ బండి నార్‌వుడ్‌ది కాబట్టి ఒక మంచి దారి ఉంది. మా ఇంట్లో రెండు కమారోలు ఉన్నాయి, ఈ పనంతా నేనే చేశాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బానెట్ ఎత్తితే ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీద ఒక చిన్న రేకు ఉంటుంది, ట్రిమ్ ట్యాగ్ అంటారు. దాని ఫొటో దగ్గరగా, వెలుతురులో అడుగు. మొదటి వరసలో 69-12437 తర్వాత ఎన్‌ఓఆర్ అని ఉండాలి. టీఆర్ పక్కన ఉన్నది సీట్ల కోడ్, 711 అంటే నల్లటి మామూలు సీట్లు. పీఎన్‌టీ పక్కన పెయింట్ కోడ్. హగ్గర్ ఆరెంజ్ అయితే 72. కింద 04సీ లాంటిది ఉంటే ఏప్రిల్ మూడో వారంలో బాడీ కట్టారని అర్థం.

అసలు సంగతి ఎక్స్ కోడ్‌లో ఉంది. 1968 డిసెంబరు ప్రాంతం నుంచి నార్‌వుడ్‌లో ఈ రేకు మీద ఎక్స్‌తో మొదలయ్యే కోడ్ కొట్టేవారు. ఎక్స్77 అంటే మామూలు ట్రిమ్‌తో జెడ్/28. ఎక్స్33 అంటే స్టైల్ ట్రిమ్‌తో (బయటి అలంకరణ హంగులతో) జెడ్/28. ఎక్స్11 అయితే స్టైల్ ట్రిమ్ ఉంది కానీ జెడ్/28 కాదు. ఎక్స్44 అయితే పూర్తిగా సాదా బండి. వ్యాన్ నైస్ బండ్ల మీద ఈ కోడ్ లేదు, కాబట్టి అక్కడి బండి కొనేవాళ్లకు ఈ సాయం దొరకదు.

ఒక హెచ్చరిక: ఈ రేకుల నకళ్లు కూడా తయారవుతాయి. రివెట్లు కొత్తగా మెరుస్తున్నాయా, రేకు చుట్టూ పెయింట్ పగిలిందా చూడాలి. ట్యాగ్ ఒక్కదాన్నే నమ్మొద్దు.

డాలస్ గ్యారేజి
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఇక ఇంజన్ సంగతి. కుడివైపు సిలిండర్ హెడ్ ముందు బ్లాక్ మీద చిన్న చదును జాగా ఉంటుంది. 1969 జెడ్/28 అయితే అక్కడ వీ (ఫ్లింట్ ఇంజన్ ప్లాంటు), నెల, తేదీ, చివర డీజెడ్ అని ముద్ర ఉండాలి. పక్కనే, లేదా ఆయిల్ ఫిల్టర్ దగ్గర, బండి విన్‌లోని చివరి అంకెలు ఉండాలి.

కానీ ముద్ర ఎవరైనా కొట్టగలరు. అందుకే ముద్ర కన్నా ముందు ఆ ఉపరితలాన్ని చూడు. ఫ్యాక్టరీలో బ్లాక్‌ను చెక్కిన మిషను ముందు నుంచి వెనక్కి సన్నటి సమాంతర గీతలు వదులుతుంది. ఆ గీతల మీదే ముద్ర పడి ఉండాలి. గీతలు లేకుండా నున్నగా ఉంటేనో, సాండ్‌పేపర్ రుద్దిన అడ్డదిడ్డం గీతలుంటేనో పాత ముద్ర చెరిపి కొత్తది కొట్టారని అనుమానించాలి. బ్లాక్‌ను రిపేరులో న్యాయంగానే చెక్కించి ఉండొచ్చు, కాదనను. అప్పుడు కూడా ఆ ముద్రను రుజువుగా లెక్కలోకి తీసుకోలేం.

తర్వాత తేదీల వరస. బ్లాక్ వెనకవైపు పోత పోసిన తేదీ ఉంటుంది. ముందు పోత, తర్వాత ఇంజన్ బిగింపు, ఆ తర్వాత బండి తయారీ. బాడీ ఏప్రిల్‌ది, బ్లాక్ పోత జూన్‌ది అయితే ఆ ఇంజన్ ఆ బండితో పుట్టలేదు. పోత నంబరు ఒక్కటి చూసి సంబరపడొద్దు. జెడ్/28లోని 302 ఇంజన్‌కి వాడిన 3970010 బ్లాక్‌నే జీఎం వేరే ఇంజన్లకూ బోలెడన్నిటికి వాడింది.

వెనక యాక్సిల్ కింద కూర్చుని బోల్టులు లెక్కపెట్టు. జెడ్/28కి 12 బోల్టుల యాక్సిల్ ఉండాలి. ముందు డిస్క్ బ్రేకులు, నాలుగు గేర్ల మాన్యువల్ తప్పనిసరి. ఆటోమేటిక్‌తో జెడ్/28 ఆ ఏడాది రాలేదు.

మోపార్ పిచ్చి
డాడ్జ్, ప్లిమత్ (క్రిస్లర్ కంపెనీ బండ్లు, మోపార్ అంటాం) చూసేవాళ్ల కోసం ఒక మాట. 1970 బండి విన్‌లో ఐదో అక్షరం ఆర్ ఉంటే 426 హెమి ఇంజన్, వీ ఉంటే 440 సిక్స్ ప్యాక్ ఇంజన్. ఎడమ ఫెండర్ లోపల ఫెండర్ ట్యాగ్ ఉంటుంది. బ్రాడ్‌కాస్ట్ షీట్ (ఈ బండ్ల బిల్డ్ షీట్) వెనక సీటు స్ప్రింగుల్లోనో, కార్పెట్ కిందో దొరుకుతుంది. అప్పటి కార్మికులు ఒక బండి షీటు ఇంకో బండిలో వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి షీటు దొరికితే ముందు దాని మీది విన్ మీ బండిదేనా చూడండి.

ట్రాయ్ కుర్రాడు
అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఫొటోలు అడిగాను. ఈలోపు ఒక సందేహం. అసలు జెడ్/28 ఎంత అరుదు? అమ్మేవాళ్లు 'ఈ కాంబినేషన్‌లో ప్రపంచంలో ఒక్కటే' అంటున్నారు.

డాలస్ గ్యారేజి
1967లో 602. 1968లో 7,199. 1969లో 20,302. ఆ 1969 మోడల్ ఏడాదిలో మొత్తం కమారోలు 2,43,085, అంటే నూటికి ఎనిమిది జెడ్/28లే. మంచి బండి, చరిత్ర ఉన్న బండి, కానీ 69ని అరుదైనది అనడం నాకు నచ్చదు. 67ని అనొచ్చు. ట్రాన్స్-ఆమ్ రేసుల్లో ఇంజన్ ఐదు లీటర్లు దాటకూడదన్న నియమం కోసం 302 ఇంజన్‌తో పుట్టించిన బండి అది. మొదటి ఏడాది చాలామందికి దాని సంగతే తెలీదు.

మోపార్ పిచ్చి
'ప్రపంచంలో ఒక్కటే' అన్న మాట వింటే నేను జాగ్రత్త పడతాను. రంగు, సీటు, రేడియో, యాక్సిల్, రూఫ్ అని ముక్కలు చేసుకుంటూ పోతే ప్రతి బండీ ఎక్కడో ఒకచోట ఒకే ఒక్కటిగా తేలుతుంది. ఫోర్డ్ లెక్కలు ఉన్నవాళ్లు కూడా ఇలా కోసి చూపిస్తారు. షెవర్లేకైతే ఆ లెక్కలే లేవు, మరి ఒక్కటే అని ఎవరు లెక్కపెట్టారు? నేరుగా అడుగు.

నిజంగా అరుదంటే 1971 ప్లిమత్ హెమి కుడా కన్వర్టిబుల్ (పైకప్పు మడిచే బండి). మొత్తం 11. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. అప్పట్లో అన్ని తక్కువ ఎందుకు తయారయ్యాయంటే కొనేవాళ్లు లేక. హెమి ఖరీదు ఎక్కువ, కుర్రాళ్లకు ఇన్సూరెన్స్ మోత.

డాలస్ గ్యారేజి
కమారోలోనే ఉంది కదా ఆ ఉదాహరణ, జెడ్ఎల్1. 1969లో అల్యూమినియం 427 ఇంజన్‌తో 69 బండ్లు. ఇల్లినాయ్‌లోని లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ షెవర్లే డీలరు 50 ఆర్డరు చేశారు. ఒక్క ఇంజన్‌కే 4,000 డాలర్ల పైన పడేసరికి బండి ధర 7,200 దాటింది. అవి అమ్ముడుపోక చాలావాటిని కంపెనీ వెనక్కి తీసుకుని వేరే డీలర్లకు పంపింది. ఇవాళ మ్యూజియంలు వాటి కోసం ఎదురుచూస్తున్నాయి. ఒక బండి ఎన్ని తయారైంది అన్నదానికన్నా ఎందుకు అన్నే తయారయ్యాయి అని అడిగితే నిజమైన చరిత్ర బయటికొస్తుంది.

బెజవాడ డాడ్జ్
ఇండియా నుంచి ఒక అనుభవం. మా ఇంట్లో తాతగారి కాలం నాటి డాడ్జ్ కింగ్స్‌వే ఉంది. ఎగుమతి కోసం ప్లిమత్ బాడీకి డాడ్జ్ ముఖం పెట్టిన మోడల్ ఇది. వీటిని విడిభాగాలుగా తెప్పించి బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు బిగించేవారు. అమెరికా లెక్కల పుస్తకాల్లో మన కుడిచేతి స్టీరింగ్ బండ్ల వివరం వెతికితే ఏమీ దొరకదు. షెవర్లేలది కూడా అంతే. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయి సెవ్రీలో బిగింపు మొదలుపెట్టి 1954లో మూసేసింది.

మాకు అక్కరకొచ్చినది పాత ఆర్‌సీ బుక్కు. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి రిజిస్ట్రేషన్, చేతులు మారిన ప్రతిసారీ ఆఫీసు ముద్ర, తేదీ. ఆ ముద్రల వరసే మా బండి చరిత్ర. పాత పుస్తకం చిరిగిందని కొత్త స్మార్ట్ కార్డు తీసుకుని పాతది పారేసేవాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ సిరీస్‌లో వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. బండి రూపం పెద్దగా మార్చకూడదు. అప్పుడు కూడా పాత కాగితమే పనికొస్తుంది.

ఒహాయో అక్క
చాలా బాగా చెప్పారండీ. అమెరికాలో మాకు ఆ సౌకర్యం లేదు. 1994 గోప్యతా చట్టం వచ్చాక పాత యజమానుల పేర్లు రాష్ట్రాల నుంచి తేలిగ్గా బయటికి రావు. అందుకే నేను ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ దొరికితే ప్రాణంగా చూసుకుంటాను. 1965-72 జీఎం వారంటీ పుస్తకంలో ఉండే చిన్న లోహపు పలక అది, అసలు కొనుగోలుదారు వివరాలు పుస్తకంతో పాటే ఉంటాయి. ప్రచార పుస్తకాలూ, డీలర్ కాగితాలూ వెతకాలంటే పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఏఏసీఏ లైబ్రరీ ఉంది. మీ ట్రాయ్‌కి దగ్గర్లో డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలో జాతీయ ఆటోమోటివ్ చరిత్ర విభాగం ఉంది తమ్ముడూ, ఒకసారి వెళ్లిరా.

ట్రాయ్ కుర్రాడు
బండి స్వయంగా చూసొచ్చాను. ట్రిమ్ ట్యాగ్: ఎన్‌ఓఆర్, 711, పెయింట్ 57 57, తేదీ 04సీ, ఎక్స్44. రివెట్లు పాతవే. ఇంజన్ మీద డీజెడ్ ముద్ర, విన్ అంకెలు ఉన్నాయి. కానీ ఆ జాగా అద్దంలా నున్నగా ఉంది, గీతల్లేవు. వెనక యాక్సిల్ 10 బోల్టులది.

ఒహాయో అక్క
57 అంటే ఫాథమ్ గ్రీన్. ఎక్స్44, 10 బోల్టులు, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఇది ముదురాకుపచ్చ రంగులో, సాదా వీ8తో పుట్టిన కూపే. జెడ్/28 కాదు.

డాలస్ గ్యారేజి
అవును. ముద్ర ఎవరు, ఎప్పుడు కొట్టారో మనకు అనవసరం, ఇప్పుడు అమ్మేవాళ్లకూ తెలియకపోవచ్చు. నీ లెక్కలు వాళ్ల ముందు పెట్టు. సాదా కూపే ధరకు దిగితే ఆలోచించు, లేదంటే వదిలేయ్. దిగినా సరే, డబ్బు కట్టేముందు ఒక పని ఉంది. ఈ కమారోల్లో విన్ అంకెలు బాడీ మీద రెండు రహస్య చోట్ల కూడా కొట్టి ఉంటాయి: హీటర్ పెట్టె వెనక ఫైర్‌వాల్ మీద ఒకటి, వైపర్ల దగ్గరి జాలీ కింద ఇంకోటి. ఇంజన్ ముద్ర మీద అనుమానం వచ్చిన బండి కాబట్టి అవి డ్యాష్‌బోర్డు నంబరుతో కలుస్తున్నాయో లేదో చూసే తీరాలి. డ్యాష్‌బోర్డు పలక రివెట్లు పువ్వు ఆకారంలో ఉండాలి.

ట్రాయ్ కుర్రాడు
మాట్లాడాను. ముందు ఒప్పుకోలేదు, ట్యాగ్ ఫొటో, యాక్సిల్ ఫొటో పక్కపక్కన పెట్టి చూపిస్తే సాదా కూపే ధరకు వచ్చారు. వచ్చే వారం జాలీ విప్పి చూడనిస్తామన్నారు. అక్కడి అంకెలు కలిస్తే కొంటాను. రంగు తీయించి ఫాథమ్ గ్రీన్ వేయిద్దామని ఉంది. అక్కా, దీనికి బిల్డ్ షీట్ ఇంకా మిగిలే అవకాశం ఉందా?

ఒహాయో అక్క
ఉంది. పెయింటుకి ఇచ్చే ముందే వెనక సీటు తీసి స్ప్రింగుల మధ్య చూడు, పెట్రోల్ ట్యాంకు దింపి దాని పైభాగం చూడు. కాగితం పెళుసుగా ఉంటుంది, లాగొద్దు. ముందు ఉన్నచోటే ఫొటో తీసి ఇక్కడ పెట్టు, చదవడం మేం చూసుకుంటాం.