కౌలు రైతుకు అటల్ పెన్షన్ పైసలు ఆరు నెలలకోసారి కట్టుడు కుదురుతదా?

హాలియా దిక్కు సాగర్ ఎడమ కాల్వ కింద కౌలు చేసే 30 ఏండ్ల రైతు కోసం అడుగుతున్న. పట్టా పాస్‌బుక్ లేదు, రైతు బీమా 5 లక్షలు వర్తించవు. ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి, 20 రూపాయల సురక్ష బీమా ఉన్నయ్. మే ఆఖరుకు ఖాతాల పైసలుంటే చాలు.

చిక్కంతా పెన్షన్‌తోనే. అటల్‌ల 60 దాటినంక నెలకు 5,000 రావాలంటే ఇప్పుడు నెలకు 577 కట్టాలె. వడ్లు అమ్మినప్పుడే చేతిల పైసలు. మిగతా నెలలు ఖాతా ఖాళీ, ఆలస్యానికి నెలకు వందకు రూపాయి జరిమానా. పైగా ఆ 5,000 ధరలతో పాటు పెరగదు.

సర్కారును నమ్మకు, చిట్టీ వేసుకో అంటున్నరు కొందరు. చిట్టీ పైసలు పిల్ల పెండ్లికో ట్రాక్టర్ కిస్తీకో పోతయ్, ముసలితనానికి మిగలవు.

కోతలకు కలిసేటట్టు అటల్ పైసలు ఆరు నెలలకోసారి కట్టేటట్టు పెట్టించుకున్నోళ్లు ఉన్నరా? బ్యాంకుల ఏ ఫారం అడిగిన్రు, ఏ నెలల మార్చిన్రు?